పోర్టులో పదో నంబరు సరే.. మీ ఫ్లాట్‌లో నాలుగో రోజు సంగతేంటి?

బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడుతోందన్న వార్త వెబ్‌సైట్‌లో పెట్టిన గంటలోపే న్యూస్ డెస్కుకు ప్రశ్నలు మొదలవుతాయి. 'ఎక్కడ తీరం దాటుతుంది?', 'స్కూళ్లకు సెలవు ఇస్తారా?', 'ఎల్లుండి రైలు ఉంటుందా?', 'పదో నంబరు ఎగరేశారట, మా కాలనీకి ఏం కాదు కదా?' ఇలా సాగుతాయి. ఇన్నేళ్లలో దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. తుపాను వెళ్లిపోయిన నాలుగో రోజున మా ఇంట్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

విశాఖలో 2014లో ఉన్నవాళ్లకు మాత్రం ఈ ప్రశ్న కొత్త కాదు. ఆ ఏడాది అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను గంటకు 180 కి.మీ. వేగంతో నగరం మీదుగానే తీరం దాటింది. గాలి బీభత్సం ఒక్క రోజులో ముగిసింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలడంతో సరఫరా రావడానికి రోజులు పట్టింది. కొన్ని కాలనీల్లో వారం కూడా దాటింది. కరెంటు లేక మోటార్లు ఆడలేదు, నీళ్లు లేవు. సెల్ టవర్లు పనిచేయక ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు ఆగిపోయాయి, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు, పాల ప్యాకెట్ ధరకు అదుపు లేకుండా పోయింది.

అప్పట్లో జనం జేబులో కనీసం నోట్లు ఉండేవి. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. కిరాణా, మందులు, పాలు, క్యాబ్ అన్నీ ఫోన్లోనే. అంటే 2014తో పోలిస్తే నగరంలోని సగటు ఇల్లు కరెంటు మీద, నెట్‌వర్క్ మీద మరింతగా ఆధారపడింది. అందుకే ఈ కథనంలో గాలి రోజు గురించి కొంత, గాలి తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పుకుందాం.

హెచ్చరికలు ఎవరి కోసం?

ముందుగా ఆ 'నంబరు' సంగతి. ఓడరేవుల్లో ఎగరేసే 1 నుంచి 11 వరకు ఉండే ప్రమాద సూచికలు ఓడల కోసం ఉద్దేశించినవి. 1, 2 దూరంలో ఉన్న వాయుగుండం లేదా తుపాను గురించి చెబుతాయి. 3, 4 రేవుకే ప్రమాదం రావచ్చని చెబుతాయి. 5 నుంచి 7 వరకు ప్రమాదం, 8 నుంచి 10 వరకు పెను ప్రమాదం. 8కి, 9కి తేడా ఏమిటంటే, తుపాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుందన్నదే. 10 అంటే రేవు మీదుగా గానీ, అతి సమీపంగా గానీ దాటుతుందని. 11 అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. కాకినాడ రేవులో ఏడో నంబరు ఎగరేస్తే సామర్లకోటలో మూడో అంతస్తులో ఉన్న మీరు ఏం చేయాలో అది చెప్పదు. మేం మాత్రం ఏటా దాన్నే హెడ్డింగ్ పెడుతుంటాం. ఇందులో మా తప్పూ ఉంది.

ఇంటికి పనికొచ్చేది భారత వాతావరణ శాఖ దశలవారీగా ఇచ్చే హెచ్చరిక. తీరంలో ప్రభావం మొదలవడానికి సుమారు 72 గంటల ముందు తొలి సూచన వస్తుంది. 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక వస్తాయి. తీరం దాటడానికి 12 గంటల ముందు వచ్చే ఎరుపు హెచ్చరికలో, దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగొచ్చో కూడా ఉంటుంది. సరుకులు కొనాల్సింది, బ్యాంకుకు వెళ్లాల్సింది తొలి సూచన నుంచి పసుపు వరకు ఉన్న సమయంలో. నారింజ వచ్చేసరికి బయటి పనులు ముగిసిపోవాలి. ఎరుపు వచ్చాక ఇంట్లోనే ఉండాలి. లేదా అధికారులు ఖాళీ చేయమంటే వెంటనే బయల్దేరాలి.

బలాన్ని చెప్పే పేర్లనూ గుర్తుపెట్టుకోండి. గాలి వేగం గంటకు 62 నుంచి 88 కి.మీ. ఉంటే తుపాను, 89 నుంచి 117 ఉంటే తీవ్ర తుపాను, 118 నుంచి 166 ఉంటే అతి తీవ్ర తుపాను. 167 దాటితే దాని పై వర్గం, 222 నుంచి సూపర్ సైక్లోన్. 90కీ 180కీ తేడా రెండింతలే కదా అనిపిస్తుంది. కానీ గాలి తోసే బలం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే 180 కి.మీ. గాలి మీ కిటికీ మీద నాలుగింతల బలంతో కొడుతుంది. 'మొన్నటి తుపానుకు ఏం కాలేదు కదా' అన్న ధైర్యం పనికిరాకపోవడానికి కారణం ఇదే.

తీరం దాటే చోటు మీద అతి నమ్మకం పెట్టుకోవడం మరో పొరపాటు. 2023లో మిచౌంగ్ తీవ్ర తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ అంతకు ముందు రోజే, అక్కడికి 300 కి.మీ.కు పైగా దూరంలో ఉన్న చెన్నై నీట మునిగింది. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. అది తెలంగాణ వైపు కదలడంతో హైదరాబాద్ శివార్లలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 30 సెం.మీ.కు పైగా వాన పడి, పాతబస్తీ కాలనీలు మునిగాయి. ఇక 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వరదకు ముందు భీకరమైన గాలే లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాసులకు గాలి మొదటి భయమైతే, విజయవాడ, హైదరాబాద్ వాసులకు నీళ్లే మొదటి భయం. సామాన్లు అటక మీదికి ఎక్కించాలా, బాల్కనీ ఖాళీ చేయాలా అన్నది దీన్ని బట్టే తేల్చుకోవాలి.

ట్యాంకు లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది మన దేశంలో నీటి సరఫరా పథకాలకు వాడే ప్రమాణం. 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌ను తీసుకుందాం. ఫ్లాటుకు నలుగురు చొప్పున 80 మంది. పైన 10,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుంటే, మామూలు వాడకంలో రోజుకు 10,800 లీటర్లు కావాలి. అంటే కరెంటు పోయిన తర్వాత ట్యాంకు ఒక్క రోజు కూడా రాదు. అదే విపత్తుల్లో కనీస అవసరంగా అంతర్జాతీయ సహాయ సంస్థలు లెక్కగట్టే 15 లీటర్లతో సరిపెట్టుకుంటే రోజుకు 1,200 లీటర్లు చాలు. అదే ట్యాంకు ఎనిమిది రోజులు వస్తుంది.

ట్యాంకు అదే, మనుషులూ వాళ్లే. ఒక్క రోజుకూ ఎనిమిది రోజులకూ మధ్య తేడా ఒక ఒప్పందం మాత్రమే. చిక్కు కూడా అక్కడే ఉంది. పదిహేను ఫ్లాట్ల వాళ్లు పొదుపుగా వాడినా, కరెంటు పోయిన రాత్రి మిగతా ఐదుగురు 'తర్వాత దొరకవేమో' అని డ్రమ్ములు, బకెట్లు, బాత్‌టబ్‌లు నింపుకుంటే తెల్లారేసరికి ట్యాంకులో గాలే మిగులుతుంది. కాబట్టి అసోసియేషన్ వాళ్లు తుపానుకు రెండు రోజుల ముందే కూర్చుని రెండు మాటలు తేల్చుకోవాలి. మెయిన్ వాల్వ్ కట్టేసి పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే వదలడం ఒకటి. జనరేటర్ ఉంటే అందులో డీజిల్ ఎంత ఉంది, దాన్ని లిఫ్టుకు వాడాలా మోటారుకు వాడాలా అన్నది రెండోది. మోటారుకే అన్నది నా అభిప్రాయం. అయితే పై అంతస్తుల్లో వృద్ధులు, డయాలసిస్‌కు వెళ్లాల్సిన వాళ్లు ఉంటే ఆ మాట ముందే బయటపెట్టాలి. వాట్సాప్ గ్రూపులో పోలింగ్ పెట్టి తేలే విషయం కాదిది. వాచ్‌మన్ కుటుంబాన్నీ లెక్కలో కలపడం మరవొద్దు. సెల్లార్‌లోనో గ్రౌండ్ ఫ్లోర్‌లోనో ఉండే వాళ్ల గదిలోకే నీళ్లు ముందు వస్తాయి.

మీ ఇంటి లెక్క వేరు. నలుగురికి మూడు రోజులకు తాగడానికి, వంటకు కనీసం 36 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. వాటర్ ప్యూరిఫయర్ ఉందిగా అనుకోవద్దు, కరెంటు లేకపోతే చాలా మోడళ్లు నీళ్లివ్వవు. బాత్రూం అవసరాలకు బకెట్లు, పాత డ్రమ్ము నింపుకోండి. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న సొంతిళ్ల వాళ్లు దాన్ని నిండా నింపాలి. నీళ్లూ మిగులుతాయి, ట్యాంకు ఎగిరిపోకుండా బరువూ ఉంటుంది. ఖాళీ ట్యాంకు తీవ్ర తుపానులో పక్కింటి మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

వరద నీరు సంపులోకి దిగితే ఆ నీటిని మోటారుతో పైకి ఎక్కించొద్దు. పైట్యాంకులో ఉన్న మంచి నీళ్లూ పాడవుతాయి. సంపు మూత బిగుతుగా లేకపోతే మందపాటి ప్లాస్టిక్ షీటు కప్పి ఇసుక మూటలు పెట్టండి. తాగే నీటిపై అనుమానం ఉంటే బాగా తెర్లే వరకు కాచి చల్లార్చండి. గ్యాస్ పొదుపు చేయాలనుకుంటే క్లోరిన్ మాత్రలు ఉన్నాయి. ఎన్ని లీటర్లకు ఎన్ని మాత్రలన్నది వాటి కవరు మీద ఉంటుంది.

ఇన్వర్టర్‌ను నమ్ముకోవచ్చా?

నమ్ముకోవచ్చు, వాడే తీరు మార్చుకుంటే. ఇళ్లలో సాధారణంగా ఉండే 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్ల విద్యుత్తు ఉంటుంది. కాస్త పాతబడిన బ్యాటరీ నుంచి చేతికొచ్చేది 1,200 అనుకుందాం. రెండు పాత తరహా ఫ్యాన్లు, మూడు బల్బులు, వైఫై రూటర్ కలిస్తే గంటకు సుమారు 190. ఆరు గంటల్లో బ్యాటరీ చచ్చిపోతుంది. రాత్రి పదింటికి కరెంటు పోతే తెల్లవారుజామున నాలుగింటికి చీకటే.

ఇప్పుడు రెండో పద్ధతి చూడండి. ఇన్వర్టర్ స్విచ్ ఆపేసి, రోజుకు ఐదు గంటలే ఆన్ చేయాలి. ఆ సమయంలో ఒక ఎల్ఈడీ బల్బు, మూడు ఫోన్ల చార్జింగ్ మాత్రమే. ఇన్వర్టర్ తనకు తాను తినేదాన్ని కలిపినా రోజుకు 200 దాటదు. నాలుగైదు రోజులు వస్తుంది. తుపాను వాతావరణంలో మొదటి రోజు ఫ్యాను లేకపోయినా బతకొచ్చు, ఫోన్ లేకపోతేనే కష్టం. పవర్ బ్యాంకులు, టార్చిలు, ల్యాప్‌టాప్ ముందు రోజే నిండా చార్జ్ చేసుకోండి. ల్యాప్‌టాప్ అంటే ఆఫీసు పనికి కాదు, అది కూడా ఒక పెద్ద పవర్ బ్యాంకే.

చిన్న జనరేటర్లు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. సెల్లార్‌లో, మూసిన బాల్కనీలో నడపొద్దు. వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బొగ్గుల కుంపటి గది లోపల పెట్టినా అంతే. జనరేటర్ వైరును గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించే తెలివి అసలే వద్దు. ఆ కరెంటు బయటి లైన్లోకి ఎదురు వెళ్లిందంటే, సరఫరా లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

ఫోన్, డబ్బు, మందులు

టవర్లకు బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే సిగ్నల్. కాల్ కలవకపోతే మళ్లీ మళ్లీ చేయకుండా ఎస్ఎంఎస్ పంపండి, అది ఎక్కువసార్లు వెళ్తుంది. ఇటీవలి తుపాన్లలో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ అనే వెసులుబాటు ఇస్తోంది. మీ కంపెనీ టవర్ పడిపోయినా, ఆ ప్రాంతంలో పనిచేస్తున్న వేరే కంపెనీ టవర్‌ను మీ ఫోన్ వాడుకోవచ్చు. దీనికి ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్‌లో ఉండాలి. దానంతట అది మారకపోతే జాబితాలోకి వెళ్లి వేరే నెట్‌వర్క్‌ను మీరే ఎంచుకోవాలి. ఈ సెట్టింగ్ ఎక్కడుందో ఇప్పుడే ఒకసారి వెతికి చూడండి. చీకట్లో 12 శాతం చార్జింగ్‌తో వెతకాల్సిన విషయం కాదు.

అధికారిక హెచ్చరికలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'సచేత్' యాప్, వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్ ఉన్నాయి. ఇవి రెండూ ఉంటే బంధువుల గ్రూపులో వచ్చే పాత వీడియోల అవసరం ఉండదు. ప్రతి తుపానుకూ మా డెస్కుకు వచ్చే 'తాజా' వీడియోల్లో వేరే దేశానివి, వేరే ఏడాదివి కచ్చితంగా ఉంటాయి. నెట్ పూర్తిగా పోతే పనికొచ్చేది సెల్స్‌తో నడిచే రేడియో. లేకపోతే కారులోని ఎఫ్ఎం.

నగదు ఎంత ఉంచాలి? వారం రోజుల పాలు, కూరగాయలు, మందులు, ఒకసారి ఆటోలో ఆసుపత్రికి వెళ్లి రావడానికి సరిపడా. అన్నీ 500 నోట్లయితే లాభం లేదు. చిల్లర లేని రోజున నీళ్ల క్యాన్ 500 అవుతుంది.

బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్ మందులు కనీసం పది రోజులకు ముందే తెచ్చుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ల ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోగానే కంగారు మొదలవుతుంది. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సాధారణంగా ఎండ తగలని, మరీ వేడి లేని చోట నాలుగు వారాల వరకు పనిచేస్తుంది, కచ్చితమైన గడువు ప్యాకెట్ మీద ఉంటుంది. మిగతా వాటిని జిప్ కవర్లో పెట్టి, నీళ్లు చల్లిన మట్టి కుండలో గానీ, తడి గుడ్డ చుట్టిన గిన్నెలో గానీ నీడన ఉంచండి. ఐసు ముక్కల మీద నేరుగా పెడితే గడ్డకట్టి పాడైపోతుంది. ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉంటే పసుపు అలర్ట్ దశలోనే డాక్టర్‌తో మాట్లాడి ఆసుపత్రి దగ్గరికి మారడం మంచిది. గాలి మొదలయ్యాక అంబులెన్స్ కూడా చెట్లు తొలగించుకుంటూ రావాలి.

తిండి గురించి మన ఇళ్లకు పెద్దగా చెప్పనక్కర్లేదు. అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగలు, ఆవకాయ, పాలపొడి ఉంటే మూడు రోజులు గడుస్తాయి. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, ఇండక్షన్ స్టవ్ పనిచేయదు. సిలిండర్‌లో గ్యాస్ ఎంత ఉందో చూసుకోండి, అగ్గిపెట్టె కవర్లో పెట్టుకోండి.

గాలి వీచే రాత్రి

బాల్కనీలోని పూలకుండీలు, కుర్చీలు, బట్టల స్టాండు లోపలికి తెచ్చేయండి. డిష్ యాంటెన్నా, ఏసీ బయటి యూనిట్, సోలార్ హీటర్ బిగింపులు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. అద్దాలకు టేపు అతికిస్తే పగలవన్నది అపోహే. టేపు అద్దాన్ని ఆపదు, ముక్కల్ని పెద్దవి చేస్తుంది అంతే. కర్టెన్లు వేసి, అద్దాలకు దూరంగా ఇంటి మధ్యలో ఉన్న గదిలో పడుకోవడం మేలు. ఒక కిటికీ తెరిచి ఉంచితే 'గాలి ఒత్తిడి సమానమవుతుంది' అన్నదీ తప్పే, తలుపులన్నీ మూసే ఉంచాలి. రేకుల షెడ్డులో ఉండేవాళ్లు మాత్రం ఈ జాగ్రత్తలతో సరిపెట్టుకోకుండా పునరావాస కేంద్రానికి వెళ్లాల్సిందే.

హుద్‌హుద్ రోజున విశాఖ చూసిన మరో విషయం చెప్పాలి. తుపాను కన్ను నగరం మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా తగ్గింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. అప్పటిదాకా ఒక వైపు వంగిన చెట్లు, హోర్డింగులు ఈసారి రెండో వైపు నుంచి దెబ్బ తిన్నాయి. హఠాత్తుగా ప్రశాంతంగా అనిపిస్తే, తీరం దాటడం పూర్తయిందని వాతావరణ శాఖ చెప్పే వరకు తలుపు తీయొద్దు.

కారును చెట్టు కింద, ప్రహరీ పక్కన పెట్టొద్దు. ముంపు ఉండే చోట సెల్లార్‌లోనూ వద్దు. లిఫ్టును పై అంతస్తులో ఆపి, దాని కరెంటు తీసేయమని చెప్పండి. నీళ్లు గుమ్మం దాటుతున్నాయనిపిస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. నీళ్లలో నిలబడి మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

మర్నాడు

సహాయం కావాలంటే 112. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూంకు 1070, 18004250101 కూడా ఉన్నాయి. కరెంటు ఫిర్యాదులకు 1912, అంబులెన్స్‌కు 108. వీటిని ఫోన్లో మాత్రమే కాదు, కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. తెగిపడిన వైరు కనిపిస్తే కరెంటు లేదనుకుని దాటొద్దు, 1912కు చెప్పండి. సరఫరా తిరిగొచ్చిన మొదటి గంటల్లో వోల్టేజీ ఎగిరిపడుతుంటుంది. ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు తీసే ఉంచండి.

నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయాలని చూడొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు లాగితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. అలా స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టాన్ని ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే బీమా కంపెనీలు తరచూ తిరస్కరిస్తాయి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి ఏమీ రాదు. ఇంటికైతే 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద రెండూ కవరవుతాయి. కాకపోతే తుపాను పేరు వార్తల్లోకి వచ్చాక కొందామంటే ఆలస్యమైనట్టే.

ఇల్లు కడగడం మొదలుపెట్టే ముందు ప్రతి గదినీ, గోడ మీద నీళ్లు నిలిచిన గీతనూ, పాడైన ప్రతి వస్తువునూ తేదీతో ఫొటో తీయండి. తుపానుకు ముందు తీసిన వీడియో కూడా ఉంటే పోల్చి చూపొచ్చు. బుడమేరు వరద తర్వాత గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకు 25,000, మొదటి అంతస్తు వారికి 10,000 చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఇలాంటి ప్రతి సాయానికీ ముందు ఇంటింటి లెక్క జరుగుతుంది. ఆ లెక్కకు వచ్చిన రోజున మీరు బంధువుల ఇంట్లో ఉంటే పేరు జారిపోవచ్చు. పొరుగువారికి మీ నంబరు ఇచ్చి వెళ్లండి, వార్డు సచివాలయంలో జాబితా పెట్టినప్పుడు చూసుకోండి. అద్దెకు ఉంటున్నట్టయితే ఆధార్‌లో చాలాసార్లు పాత చిరునామానే ఉంటుంది. అద్దె ఒప్పందం, ఆ చిరునామాతో ఉన్న గ్యాస్ బిల్లు డిజిలాకర్‌లోనో మెయిల్‌లోనో ఒక కాపీ, ప్లాస్టిక్ కవర్లో మరో కాపీ ఉంచుకోండి. ఆ కవరు కింది అరలో కాకుండా బీరువా పైన ఉండాలి.